ఆపరేషన్‌కి ముందు కొనాల్సింది తూకం మిషన్

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఇక ఆ నిమిషం నుంచి ఏ ఊరు తీసుకెళ్లాలి, ఏ డాక్టరు మంచివాడు, ఎంతవుతుంది, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు (మావైపు ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు) పనిచేస్తుందా లేదా అని ఫోన్ల మీద ఫోన్లు. అవన్నీ కావాల్సినవే, కాదనను. కానీ ఆ హడావుడిలో ఆ మనిషి ఏం తింటున్నాడు, ఎన్ని కిలోలు తగ్గాడు అనేది ఎవరికీ పట్టదు. మాకూ పట్టలేదు.

మా బావది కందుకూరు దగ్గర పల్లె. సంక్రాంతి పోయాక పొగాకు బేళ్లు తూచే కాటా మీద సరదాగా నిలబడితే 64 కిలోలు. మే నెలలో జీర్ణాశయంలో క్యాన్సర్ గడ్డ అని తేలేసరికి 57. మధ్యలో చొక్కాలు వదులయ్యాయి, వాచీ మోచేతి దాకా జారేది, అక్క కూడా చూసింది, కానీ బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే కొట్టం) దగ్గర రాత్రిళ్లు మేలుకుని చిక్కిపోయాడులే అనుకున్నాం. మేం మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేశారు, స్కాన్ తీశారు, రక్తం మూడుసార్లు తీసుకున్నారు. ఒక్కసారి కూడా తూకం చూడలేదు, మేమూ అడగలేదు. తర్వాత చెన్నైలో చూపించినప్పుడు అక్కడి డైటీషియన్ అడిగిన మొదటి ప్రశ్న, "ఆరు నెలల కింద ఎంత ఉండేవారు?" కాటా సంగతి గుర్తుండబట్టి బతికిపోయాం, లేకపోతే ఏం చెప్పేవాళ్లం.

అందుకని ముందు ఆ మిషన్ కొనండి, వెయ్యి రూపాయల లోపే వస్తుంది. వారానికి ఒకే రోజు, పొద్దున్నే, బాత్రూముకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో తూచి గోడ మీది క్యాలెండర్‌లోనే రాసిపెట్టండి. రోజూ తూచొద్దు, రోజూ తూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు.

లెక్క ఇట్లా వేయాలి. పాత బరువులోంచి ఇప్పటి బరువు తీసేయండి, వచ్చినదాన్ని పాత బరువుతో భాగించి వందతో గుణించండి. బావకి 64లోంచి 57 పోతే 7, దాన్ని 64తో భాగిస్తే దాదాపు 11 శాతం. ఆరు నెలల్లో తనంతట తాను 5 శాతం దాటి తగ్గినా చాలు, పోషకాహార లోపం ఉందేమోనని చూడాలి. 10 శాతం దాటితే ఆపరేషన్‌కి అది పెద్ద ప్రమాదం కిందే లెక్క. పాత బరువు ఎవరికీ గుర్తు లేకపోతే పాత పెళ్లి ఫోటో చూడండి, బెల్టుకి ఏ రంధ్రం దగ్గర గీత పడింది, ఇప్పుడు ఏ రంధ్రానికి పెడుతున్నాడు చూడండి, ఉంగరం జారుతోందా చూడండి. డైటీషియన్‌కి అవి కూడా పనికొస్తాయి.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బావ ఎత్తు 165 సెంటీమీటర్లు, 57 కిలోలకి బీఎంఐ దాదాపు 21 వస్తుంది. పట్టికలో చూస్తే నిక్షేపంగా ఉన్నట్టే! కానీ నాలుగు నెలల్లో ఏడు కిలోలు పోయాయి, పోయినదాంట్లో కండ ఎంతో ఎవరికి తెలుసు. లావుగా ఉన్నవాళ్ల సంగతి ఇంకా మోసం, పైకి పొట్ట కనిపిస్తూనే ఉంటుంది, లోపల తొడల కండ కరిగిపోతూ ఉంటుంది, "వాడికేం, దిట్టంగా ఉన్నాడు" అని చుట్టాలు అంటూనే ఉంటారు. కాళ్లకి నీరు పట్టినా, పొట్టలో నీరు చేరినా తూకం తగ్గినట్టే కనిపించదు. అట్లాంటప్పుడు అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు.

బరువుకీ బతకడానికీ ఏంది సంబంధం అంటారా? ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1936లో అమెరికాలో స్టడ్లీ అనే సర్జన్ కడుపులో పుండుకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల లెక్కలు తీశాడు. ముందే 20 శాతం కంటే ఎక్కువ బరువు తగ్గినవాళ్లలో మూడోవంతు మంది ఆపరేషన్ తర్వాత చనిపోయారు, అంత తగ్గనివాళ్లలో 3.5 శాతం మందే. చిన్న లెక్కే, యాభైమంది కూడా లేరు, అప్పటి వైద్యం వేరు, ఇప్పుడు అన్ని చావులు లేవు. కానీ ఆ తర్వాత పెద్దపేగు, జీర్ణాశయం, అన్నవాహిక, క్లోమం, ఏ క్యాన్సర్ ఆపరేషన్ తీసుకున్నా ఇదే మాట మళ్లీ మళ్లీ తేలింది. చిక్కిపోయి బల్ల ఎక్కినవాళ్లకి గాయం చీము పట్టడం, లోపల పేగు కలిపిన చోట కుట్టు లీకవడం, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ రావడం ఎక్కువ. ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తుంది, తర్వాత ఇవ్వాల్సిన కీమో వాయిదా పడుతుంది లేదా అసలు ఇవ్వలేకపోతారు, సగటున బతికే కాలం కూడా తక్కువ.

కారణం మన ఇళ్లలో జరిగేదే. పంట పోయిన ఏడు ఇంట్లో బంగారం కుదువపెట్టి గండం గట్టెక్కుతాం చూడండి, ఆపరేషన్ అప్పుడు ఒంటికి ఆ బంగారం కండ. కోత పడ్డాక గాయం మానడానికి, సూక్ష్మక్రిములతో పోరాడే కణాలు తయారుకావడానికి ప్రొటీన్ కావాలి, ఆ రోజుల్లో నోటితో సరిగా తినలేడు కాబట్టి ఒళ్లు తన కండనే కరిగించి వాడుకుంటుంది. ముందే కరిగిపోయి ఉంటే ఇంకెక్కడ నుంచి తెస్తుంది?

తూకం తర్వాత చూడాల్సింది రక్తపరీక్ష కాగితం. దాంట్లో రెండు అంకెలు వెతకండి. ఒకటి సీరం ఆల్బుమిన్, మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. లివర్, కిడ్నీ జబ్బు లేకుండా 3 కంటే కిందికి పడితే ఆపరేషన్‌కి తీవ్రమైన ప్రమాదం కింద చూస్తారు. రెండోది లింఫోసైట్లు, ఇవి రోగనిరోధకానికి పనికొచ్చే తెల్లకణాల్లో ఒక రకం. ఈ రెంటినీ కలిపి జపాన్‌లో ఒనొడెరా అనే సర్జన్ 1984లో ఒక లెక్క కట్టాడు, పీఎన్‌ఐ అంటారు, పోషణని బట్టి ఆపరేషన్ ఎట్లా గడుస్తుందో అంచనా వేసే అంకె. ఆల్బుమిన్‌ని పదితో గుణించాలి, లింఫోసైట్ల సంఖ్యని 0.005తో గుణించాలి, రెండూ కూడాలి.

బావ కాగితంలో ఆల్బుమిన్ 3.1, అంటే 31. మొత్తం తెల్లకణాలు 7200, అందులో లింఫోసైట్లు 20 శాతం, అంటే 1440, దాన్ని 0.005తో గుణిస్తే 7.2. మొత్తం 38.2. ఒనొడెరా లెక్కలో 45 పైన ఉంటే నిశ్చింత, 40 కంటే కింద ఉంటే పేగు కోసి కలిపే ఆపరేషన్ వద్దు అన్నాడాయన. ఇప్పటి డాక్టర్లు ఆ గీతని అంత ఖరాఖండిగా పట్టుకోరు. కానీ 38 చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర చెడగొట్టుకోకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నా. ఈ లెక్కలు జాతకాలు కావు. గడ్డ ఏ దశలో ఉంది, పూర్తిగా తీసేయగలిగారా అనేదే అన్నిటికంటే పెద్ద సంగతి, ఆ తర్వాతే ఇవి. పైగా ఆల్బుమిన్ తిండిని ఒక్కదాన్నే చూపించదు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, క్యాన్సర్ వల్ల ఒంట్లో వాపు గుణం (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నా పడిపోతుంది, అది మారడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు గుడ్డు తెల్లసొనలు మింగించి మళ్లీ పరీక్ష చేయించి "పెరగలేదే" అని ఏడవడం దండగ. ఆల్బుమిన్ సీసా ఎక్కించమని మీరే అడగడం ఇంకా దండగ. బోలెడు ఖరీదు, దానివల్ల పోషణ రాదు. వేరే కారణానికి డాక్టరే రాస్తే అది వేరు.

ఇంకోటి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. చిక్కినవాళ్లకి ఆపరేషన్‌కి ముందు బాగా పెడితే ఇన్‌ఫెక్షన్లు, ఇతర చిక్కులు తగ్గుతాయనడానికి గట్టి ఆధారాలున్నాయి. ఆయుష్షే పెరుగుతుందనడానికి అంత గట్టివి లేవు. క్యాన్సర్ వల్ల వచ్చే చిక్కుదల మామూలు ఆకలి చిక్కుదల లాంటిది కాదు, గడ్డ ఒంటి పనితీరునే మార్చేస్తుంది, కొందరికి ఎంత పెట్టినా బరువు ఎక్కదు. తగ్గకుండా ఆగినా అది గెలుపే. అట్లా ఎక్కనప్పుడు పేషెంటుని తిట్టకండి, ఆయనేమీ బెట్టు చేయడంలేదు.

సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసుకెళ్లండి: ఆరు నెలల కిందటి బరువు, ఇప్పటి బరువు, రోజూ తినేదాంట్లో ఎంత తగ్గింది (సగమా, పావా). నోటితో చెబితే ఆ రెండు నిమిషాల్లో మర్చిపోతాం. తర్వాత అడగండి, "సార్, బరువు బాగా తగ్గింది, ఆపరేషన్ లోపల డైటీషియన్‌కి చూపించమంటారా? ఏమైనా ఆగాలా?" అడిగితే కోప్పడతారేమోనని భయపడకండి. యూరప్ పోషకాహార వైద్యుల సంఘం మార్గదర్శకాల్లోనే ఉంది, బాగా చిక్కిపోయినవాళ్లకి క్యాన్సర్ అయినా సరే 7 నుంచి 14 రోజులు పోషణ ఇచ్చి ఆ తర్వాతే పెద్ద ఆపరేషన్ చేయమని. మనవాళ్లకి మాత్రం "గడ్డ పెరిగిపోతుంది, రేపే కోసెయ్యండి" అనే తొందర. పేగు మూసుకుపోవడం, రక్తం కారడం లాంటి ఎమర్జెన్సీలో ఆగడానికి ఉండదు, అది డాక్టరే చెప్తారు. జీర్ణాశయం క్యాన్సర్‌కి చాలాసార్లు ముందు కీమో ఇచ్చి తర్వాత కోస్తారు. బావకి నాలుగు విడతల కీమో పడింది, అంటే మాకు రెండు నెలల పైన టైం దొరికింది.

ఇక తిండి. అసలు యుద్ధం ఇక్కడే.

రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్, 25 నుంచి 30 కేలరీలు కావాలి. 57 కిలోల బావకి 68 నుంచి 85 గ్రాముల ప్రొటీన్, 1400 నుంచి 1700 కేలరీలు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ ప్రొటీన్ లెక్క వర్తించదు, డాక్టరునే అడగాలి. అప్పటిదాకా ఆయనకి ఏం పెట్టేవాళ్లం? రెండు ముద్దల చారన్నం, మజ్జిగ, మధ్యలో బ్రెడ్డు. లెక్క కడితే ఇరవై గ్రాముల ప్రొటీన్ కూడా లేదు! జబ్బు మనిషికి తేలికగా పెట్టాలని అవ్వ పట్టుదల. గుడ్డు వేడి, చేపలు పనికిరావు, పప్పు తింటే గాయం చీము పడుతుంది, పెరుగు జలుబు, వంకాయ దురద. అవ్వ చిట్టాలో అన్నీ పోగా మిగిలింది బీరకాయ, పొట్లకాయ, చారు.

డైటీషియన్ దగ్గరికి అవ్వని కూడా తీసుకెళ్లాం, ఇది నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. డైటీషియన్ వాదన పెట్టుకోలేదు, "అవ్వా, బాలింతకి మీవైపు ఏం పెడతారు?" అని అడిగింది. "సొరచేప పిట్టు పెడతాం, వెల్లుల్లి కారం పెడతాం" అంది అవ్వ. "ఎందుకు పెడతారు?" "పాలు పడాలిగా, ఒళ్లు గట్టిపడాలిగా." "మరి ఈయన ఒళ్లు గట్టిపడొద్దా?" అవ్వ కాసేపు మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని, సూళ్లూరుపేట దాటాక, "చందువ చేప దొరికిద్దా అబ్బయా మనూళ్లో" అంది.

చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పప్పు, గుడ్డు, చేప మానేస్తేనే గాయం ఆలస్యంగా మానుతుంది. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకి ఎక్కించగలిగితే సగం పని అయినట్టే, మీరు చెబితే వినరు కాబట్టి డాక్టరు నోటితోనే చెప్పించండి.

మేం పెట్టిన రోజువారీ లెక్క సుమారుగా ఇది. గుడ్లు మూడు, గుడ్డుకి 6 గ్రాముల చొప్పున 18. పాలు, పెరుగు కలిపి అర లీటరు, 16. చేప వంద గ్రాములు, 18 దాకా. కందిపప్పు పచ్చిది 50 గ్రాములు, 11. వేరుశనగ గుప్పెడు, అంటే 30 గ్రాములు, 7. అన్నానికి బియ్యం 200 గ్రాములు, 14. మొత్తం 84. చూడ్డానికి ఎక్కువేం కాదు, మామూలు మనిషికైతే. ఆకలి చచ్చిపోయిన మనిషికి మాత్రం కొండే, అందుకే మూడు పూటలు కాదు, ఆరేడు పూటలుగా విడగొట్టాం.

చేపలకి మనవైపు కొదవ లేదు, కొరమీను, వంజరం, చందువ ఏదైనా పర్వాలేదు. కానీ నెల్లూరు చేపల పులుసుని మన పద్ధతిలో మామిడికాయ ముక్కలు, చింతపండు, కారం దట్టించి పెడితే నోరు పూసిన కీమో పేషెంటు కన్నీళ్లు పెట్టుకుంటాడు. పులుపు సగం, కారం పావు వంతు వేసి, ముల్లు తీసి, అన్నంలో మెత్తగా కలిపి పెట్టండి. రొయ్యలు కూడా మంచివే, బాగా ఉడికిస్తే చాలు. శాకాహారులైతే పప్పు, పెరుగు, పనీర్ పెంచుకోవాలి, మీల్‌మేకర్ ఎండువి 30 గ్రాములు నానబెట్టి వండితే 15 గ్రాముల ప్రొటీన్ వచ్చేస్తుంది, చేపల కంటే చాలా చవక. పొదిలి, కనిగిరి వైపు వాళ్లకి కందులు, శనగలు, సజ్జలు ఇంట్లోవే కాబట్టి కొనే పనే లేదు.

తినే ముద్ద పెంచలేనప్పుడు ముద్దలో బలం పెంచాలి. రాగి జావ నీళ్లతో కాకుండా పాలతో కాచి దాంట్లో రెండు చెంచాల పాలపొడి కలపండి. పెరుగన్నంలో కూడా పాలపొడి కలిసిపోతుంది, తెలియనే తెలియదు. పప్పులో నెయ్యి, ఇడ్లీకి వేరుశనగ చట్నీ, అన్నంలో నువ్వుల పొడి. చారన్నం తప్ప ఏదీ సయించదు అనే రోజున ఆ చారులోనే గుడ్డు కొట్టి బాగా ఉడకనిచ్చి పెట్టింది అక్క, అవ్వ ముఖం చిట్లించింది గానీ బావ గిన్నె ఖాళీ చేశాడు. షాపులో దొరికే ప్రొటీన్ పొడులు తిండి చాలనప్పుడు పనికొస్తాయి, డైటీషియన్ చెప్పినది కొనండి. టీవీ ప్రకటనల్లో వచ్చే పిల్లల డబ్బాల్లో చక్కెరే ఎక్కువ, వెనక అంకెలు చదివి కొనండి.

కీమో రోజుల్లో నోరు ఇనప రుచి వస్తుంది. స్టీలు చెంచా మాని ప్లాస్టిక్ చెంచా వాడండి, తినేముందు గూడూరు నిమ్మకాయ రసం నీళ్లలో పిండి పుక్కిలించమనండి (నోరు పూయకపోతేనే). వేడి అన్నం వాసనకి వాంతి వస్తుంటే చల్లారాక పెట్టండి, వంట జరిగే గదికి దూరంగా కూర్చోబెట్టండి. వాంతి మాత్ర తిన్నాక వేసుకుంటే లాభం లేదు, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. తెల్లకణాలు తగ్గే కాలం కాబట్టి సగం ఉడికిన గుడ్డు, బండి మీద కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు, నిన్నటి కూర వద్దు. పాలు కాచి ఇంట్లో తోడేసిన పెరుగే వాడండి.

చూడ్డానికి వచ్చేవాళ్ల గురించి ఒక మాట. బ్రెడ్డు, యాపిల్స్, కొబ్బరి బోండాలు, మా గుమ్మంలో ఆరు యాపిల్ సంచులు కుళ్లాయి. ఎవరైనా ఫోన్ చేసి "ఏం తెమ్మంటావు" అంటే మొహమాటపడకుండా గుడ్ల ట్రే తెమ్మనండి. మేం అట్లాగే అన్నాం, కొందరు నొచ్చుకున్నారు, గుడ్లు మాత్రం వచ్చాయి.

ఒక జాగ్రత్త. పది రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి, అన్నవాహిక మూసుకుపోయి నీళ్లే దిగని మనిషికి, ఒక్కసారిగా కుక్కి కుక్కి పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండెకే ప్రమాదం రావొచ్చు. అట్లాంటివాళ్లకి ఆసుపత్రిలోనే, పరీక్షలు చేస్తూ, బి1 విటమిన్ ఇస్తూ మెల్లగా మొదలుపెట్టాలి. ముక్కులోంచి గొట్టం వేస్తామన్నా, పేగుకి గొట్టం పెడతామన్నా "అయ్యో గొట్టం దాకా వచ్చిందా" అని బెదిరిపోకండి, అది తిండి వెళ్లే ఇంకో దారి, అంతే.

తిన్నది కండ కావాలంటే ఒళ్లు కదలాలి. మంచంలో పడుకోబెట్టి ఎంత పెట్టినా పొట్టకే పడుతుంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడకతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి, గడియారం చూడండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్లలో బలం తగ్గిందని లెక్క. బావకి మొదటిసారి 17 పట్టింది, ఆపరేషన్ ముందు వారానికి 12కి తెచ్చాడు, అదొక పందెంలా పెట్టుకున్నాడు పిల్లలతో. మూడు బంతులు పైకి లేచే ఊపిరి డబ్బా ఇస్తే రోజుకి నాలుగైదుసార్లు పీల్చమనండి. బీడీ, సిగరెట్, చుట్ట ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందే ఆపాలి, ఎంత ముందు ఆపితే అంత మంచిది. పొగాకు పండించే ఇంట్లో ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, అక్క చేత చెప్పించాను.

పస్తుల సంగతి ఎవరూ లెక్కపెట్టరు. సోమవారం ఎండోస్కోపీకి ఖాళీ కడుపు, బుధవారం స్కాన్‌కి ఖాళీ కడుపు, శుక్రవారం ఇంకేదో. పొద్దున ఆరింటికి నెల్లూరులో రైలెక్కి చెన్నైలో మధ్యాహ్నం రెండింటి దాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చున్న రోజులున్నాయి మాకు. ప్రతి పరీక్షకీ అడగండి, నిజంగా తినకూడదా, ఎన్ని గంటల నుంచి అని. డబ్బాలో పెరుగన్నం, ఉడికించిన గుడ్లు పెట్టుకెళ్లండి, ఎండాకాలమైతే ఐసు సంచిలో. పరీక్ష గదిలోంచి బయటికి రాగానే పెట్టేయండి.

ఆపరేషన్ ముందు రోజు కూడా అంతే. అన్నం లాంటివి ఆరు గంటల ముందు, నీళ్లు, వడగట్టిన పళ్ల రసం లాంటివి రెండు గంటల ముందు దాకా తీసుకోవచ్చని ఇప్పటి మత్తు డాక్టర్ల పద్ధతి. కడుపులో అడ్డం ఉన్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి మారుతుంది కాబట్టి మీ మత్తు డాక్టరు చెప్పిందే చెయ్యండి, కానీ అడగండి. "రాత్రి నుంచి ఏమీ వద్దు" అని చెప్పి, మధ్యాహ్నం మూడింటికి ఆపరేషన్ పెడితే, ఆ ఖాళీ పదిహేను పదహారు గంటలు. వాయిదా పడితే వెంటనే "ఇప్పుడు తినొచ్చా" అని నర్సమ్మని అడగాలి. మాకు ఒకసారి వాయిదా పడింది, అడగడానికి మొహమాటపడ్డాం, సాయంత్రం దాకా అట్లాగే పడుకోబెట్టాం.

ఆ వారం బావ కాగితం చూస్తే ఆల్బుమిన్ 3.5, లింఫోసైట్లు 1600, అంటే 35కి 8 కలిపితే 43. బరువు 58.5. నలభై ఐదు కాదు, అయినా సర్జన్ తలూపాడు.

ఆపరేషన్ అయ్యాక మనవాళ్లకి సెలైన్ సీసా చూస్తే ధైర్యం. "గ్లూకోజు ఎక్కుతోందిగా, తిండి ఎందుకు" అంటారు. లీటరు సీసాలో ఐదు శాతం గ్లూకోజు అంటే 50 గ్రాములు, రెండు వందల కేలరీలు కూడా లేవు, ప్రొటీన్ సున్నా. నోటితో ఎప్పుడు మొదలుపెట్టొచ్చో రోజూ రౌండ్స్‌లో అడగండి. చాలా ఆపరేషన్ల తర్వాత ఇప్పుడు ఒకటి రెండు రోజుల్లోనే కొద్దికొద్దిగా ఇస్తున్నారు, అందరికీ కాదు. వాళ్లు చెప్పకుండా మాత్రం దొంగచాటుగా ఒక్క చెంచా కూడా పెట్టకండి, పక్క మంచం వాళ్లు అట్లా పెట్టి తిట్లు తిన్నారు.

ఇంటికొచ్చాక మళ్లీ పత్యం గొడవ లేస్తుంది, పాత లెక్కే మళ్లీ చూపించండి. జీర్ణాశయం తీసేసినవాళ్లకైతే ఇంకో సంగతి. తిన్నది నేరుగా పేగులోకి దిగిపోయి, పది నిమిషాల్లో చెమటలు, గుండె దడ, విరేచనం వస్తాయి, తీపి తింటే మరీ ఎక్కువ. అందుకే లడ్డూలు, జ్యూసులు పక్కన పెట్టి, కొంచెం కొంచెం ఆరుసార్లు, నమిలి నమిలి తినాలి. నీళ్లు తిండితోపాటు కాకుండా అరగంట తేడాతో తాగాలి, తిన్నాక కాసేపు ఒరగాలి. జీర్ణాశయం మొత్తం తీస్తే బి12 విటమిన్ ఒంటికి పట్టదు, జీవితాంతం ఇంజెక్షన్ కావాలి. కొంత భాగమే తీసినా బి12, ఐరన్ పరీక్ష మానకూడదు, ఏడాది రెండేళ్ల తర్వాత కాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే అప్పుడు గుర్తొస్తుంది లేకపోతే.

జీర్ణాశయం ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో కొంత తగ్గడం మామూలే. బావకి మూడొంతులు తీసేశారు, 54 దాకా దిగాడు. ఇప్పుడు ఆదివారం పొద్దున అక్క మంచం కింద నుంచి మిషన్ లాగుతుంది, ఆయన గొణుక్కుంటూ ఎక్కుతాడు, అంకె క్యాలెండర్‌లో పడుతుంది. మొన్న 55.5. రెండు వారాలు వరసగా కిలో చొప్పున దిగితే ఫోన్ చెయ్యమని నంబరు ఆ క్యాలెండర్ మీదే రాసి ఉంది.